గోడ కింద మట్టి

పొద్దున ఆరున్నర. మాఘమాసపు చలి ఇంకా వదల్లేదు. హైదరాబాద్‌లో ఒక పాత కాలనీ, 20 అడుగుల సందు, మూల మీద 200 గజాల ఖాళీ జాగా. రేకుల గేటు జరిపి లోపలికి రాగానే వాచ్‌మన్ మీ చేతికి హెల్మెట్ ఇస్తాడు. పెట్టుకుని బెల్టు బిగించండి. అంచుల దగ్గరికి మాత్రం ఎవరూ పిలవకుండా వెళ్లకండి.

ముందు ఎడమ వైపు చూడండి. పక్కింటి గోడ సరిగ్గా హద్దు మీదే లేచింది. 40 అడుగుల పొడవు, రెండంతస్తుల ఎత్తు. 1980ల్లో కట్టిన ఇల్లు. కాలమ్స్ లేవు, స్లాబుల బరువంతా ఇటుక గోడల మీదే. ఆ గోడకూ మీరు నిలబడ్డ మట్టికీ మధ్య వేలెడు ఎడం లేదు. పై పోర్షన్ కిటికీలోంచి కుక్కర్ కూత వినిపిస్తోంది. ఎవరో పిల్లవాడిని స్కూలుకు లేపుతున్నారు.

ఈ జాగాలో సెల్లార్ రావాలి. దాని అడుగు నేలమట్టానికి 11 అడుగుల కింద. పక్కింటి పునాది ఎంత లోతుందో మొన్నటిదాకా ఎవరికీ తెలియదు. కట్టిన మేస్త్రీ లేడు, ప్లాను కాగితాలు చెదలు తినేశాయి. అందుకే గోడ పక్కన మూడడుగుల చదరంలో ఒక గుంత తవ్వి చూశారు. అది ఇప్పుడు మీ కాళ్ల ముందుంది. వంగి చూడండి. పైన అడుగున్నర దాకా ఎప్పుడో ఎత్తుపోసిన మట్టి. అందులో ఇటుక ముక్కలు, పాలిథిన్ సంచి పీలిక, పగిలిన పింగాణీ పెంకు. దాని కింద ఎర్రటి మొరం. మొరంలోకి దిగిన రాతి పునాది. రాళ్ల మధ్య మాలు అక్కడక్కడ రాలి వేలు దూరేంత సందులు పడ్డాయి. టేపు జార్చి చూస్తే పునాది అడుగుకు 4 అడుగులు.

11లోంచి 4 తీస్తే 7. ఈ సైటులో ఇక ముందు జాగ్రత్తంతా ఆ 7 అడుగుల దగ్గరే.

స్ట్రక్చరల్ ఇంజనీర్ వచ్చింది. పాతికేళ్లు దాటి ఎంతో కాలం కాలేదు, కానీ ఆమె మాట్లాడుతుంటే మేస్త్రీ బీడీ ఆర్పేస్తున్నాడు. సెంట్రింగ్ చెక్క మీద సుద్దముక్కతో గోడ, గోడ కింద పునాది గీసింది. పునాది అడుగు అంచు నుంచి ఏటవాలుగా కిందికి ఒక గీత లాగింది. గోడ బరువు రాయి దగ్గర ఆగిపోదు. మట్టిలోకి దిగుతూ గొడుగు విప్పినట్టు రెండు పక్కలకీ పరుచుకుంటుంది. ఆ ఏటవాలు గీతకు లోపలున్న మట్టి ఎవరి పట్టా భూమిలో ఉన్నా, పని మాత్రం పక్కింటి పునాదికే చేస్తోంది. పక్కపక్కనున్న పునాదుల అడుగులు వేరువేరు లోతుల్లో ఉంటే, మామూలు నేలల్లో వాటిని కలిపే గీత ఒక అడుగు దిగడానికి రెండడుగులైనా అడ్డంగా జరగాలని మన భారతీయ ప్రమాణం ఐఎస్ 1904 చెబుతుంది. అంటే 7 అడుగులు దిగాలంటే 14 అడుగుల దూరం. జాగా వెడల్పే 36 అడుగులు.

"గోడ మన మట్టి మీద గూడ ఆనుకొని ఉన్నది, గంతే కద మేడమ్," అన్నాడు మేస్త్రీ. పాలమూరు మనిషి, ఊళ్లో బావులు తవ్విన చేతులు.

గంతే. ఆ మాటను చట్టం కూడా ఏనాడో ఒప్పుకుంది. పొరుగువాడి నేల నీ నేలకు సహజంగా ఇచ్చే ఆసరా నీ హక్కు అని 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ఏడో సెక్షన్ కింద ఉదాహరణగా రాసి ఉంది. కట్టడం బరువుకు కూడా ఆ ఆసరా ఇరవై ఏళ్లు నిరాటంకంగా అందితే హక్కయ్యే వీలును పదిహేనో సెక్షన్ ఇచ్చింది. నా జాగా, నా ఇష్టం, నిలువునా తవ్వుకుంటాను అనే మాట నేను చాలా సైట్లలో విన్నాను. ఆ మాటకు నేల దగ్గరా విలువ లేదు, చట్టం దగ్గరా లేదు. 2024 నవంబరులో గచ్చిబౌలి సిద్దిఖ్‌నగర్‌లో పక్క జాగాలో గోతులు తీశాక ఒక ఐదంతస్తుల భవనం ఒరిగిపోయింది. లోపలున్నవాళ్లు చేతికందింది పట్టుకుని రాత్రివేళ కిందికి పరుగెత్తారు. ఆ భవనాన్ని అధికారులు తర్వాత యంత్రంతో కూల్చేయాల్సి వచ్చింది. ఆ కుటుంబాలు తప్పు చేసి వీధిన పడలేదు.

ఇప్పుడు పక్కింట్లోకి రండి. చెప్పులు బయట వదలండి. తవ్వకం మొదలవక ముందే ఈ ఇంటిని గదిగదీ చూడాలి. పెద్దాయన రిటైర్డ్ ఉద్యోగి, ఆవిడకు మోకాళ్ల నొప్పులు. చాయ్ ఇచ్చారు. ఇంజనీర్ చాయ్ పక్కన పెట్టి వంటింటి గోడ మీద టార్చి పక్కవాటంగా వేసింది. ఎదురుగా వేస్తే కనపడని సన్నటి పగుళ్లు ఇప్పుడు నీడలు తేలి కనిపిస్తున్నాయి. కిటికీ మూల నుంచి పైకి మెట్లుమెట్లుగా పోయే పగులు ఒకటి. పాతది, లోపల సున్నం నిండి ఉంది. దానికి ఇరువైపులా పెన్సిల్‌తో గీతలు పెట్టి, పక్కన స్కేలు పట్టి, తేదీ కనపడేలా ఫోటో తీశారు. తర్వాత సిగరెట్ పెట్టె అంత గాజు పలక తీసి, పగులుకు అడ్డంగా పెట్టి, రెండు కొసలూ ప్లాస్టర్ ముద్దతో గోడకు అంటించారు. గోడ వెంట్రుకవాసి కదిలినా గాజు సాగదు, వంగదు, టప్పున విరుగుతుంది. ఇలాంటివి ఆరు అంటించారు. బయట గోడకు అడుగునే మేకులు కొట్టి, రోడ్డు అవతలి కల్వర్టు రాయి మట్టంతో ఆటో లెవెల్‌లో పోల్చి అంకెలు రాసుకున్నారు. రోజూ పొద్దున, సాయంత్రం ఆ అంకెలు చూడాలి. మూడు మిల్లీమీటర్లు దాటితే పని ఆగాలి, ఐదు దాటితే ఇల్లు ఖాళీ చేయించాలి. ఇది ఈ ఇంటికి ఆమె పెట్టిన హద్దు. పగుళ్ల ఫోటోల మీద రెండు పక్షాలూ సంతకాలు చేశాయి.

"మా ఇంటికేం కాదు కదమ్మా?" అని అడిగాడు పెద్దాయన.

"ఏం కాదని నేను మాటివ్వను అంకుల్. ఏమన్నా మొదలైతే ముందు మనకే తెలిసేలా చూస్తాను. ఈ పక్క గదిలో మాత్రం పని అయ్యేదాకా పడుకోవద్దు."

ఆ జవాబు నాకు నచ్చింది. ధైర్యం చెప్పడం తేలిక. ఆమె ఆయన చేతికి ఆధారం ఇచ్చింది.

పొక్లెయిన్ దిగింది. గోడ నుంచి 14 అడుగుల దూరంలో పొడవునా ముగ్గు గీత పోశారు. గీత అవతల యంత్రం పని, 11 అడుగుల దాకా. గీతకు ఇవతల మట్టి గోడ వైపు వాలుగా లేచి, పునాది అడుగును కప్పి నిలబడాలి. మేస్త్రీ గీత మీద నిలబడి చేయి అడ్డంగా చాపాడు. "తమ్మీ, బకెట్ గీత దాటొద్దు. ఇంక జర తీస్తే ఏమైతది అని సూడకు." ఆపరేటర్ కుర్రాడు తలూపాడు. టిప్పర్ వచ్చేదాకా మట్టి పక్కన పోద్దామని పెద్దాయన గోడ వైపే బకెట్ తిప్పబోతే ఇంజనీర్ విజిల్ వేసింది. తీసిన మట్టి అంచుకు మీటరున్నర దూరం, లేదా గోతి లోతులో సగం, రెండింట్లో ఏది ఎక్కువైతే అంత దూరంలో పడాలి. ఇక్కడ అంత చోటు లేదు కాబట్టి నేరుగా టిప్పర్‌లోకే. క్యూబిక్ మీటరు మట్టి బరువు టన్నున్నరకు పైమాటే. 2009 జూన్‌లో షాంఘైలో 13 అంతస్తుల కొత్త భవనానికి ఒక పక్క పార్కింగ్ కోసం 4.6 మీటర్ల గొయ్యి తీశారు. తీసిన మట్టిని ఇంకో పక్క 10 మీటర్ల ఎత్తు దాకా గుట్ట పోశారు. ఆ ఒత్తిడికి కింద నేల పక్కకు జరిగి, పైల్స్ పుటుక్కున విరిగి, భవనం భవనంలాగే గొయ్యి వైపు వెల్లకిలా పడింది. అప్పటికి ఎవరూ కాపురం దిగలేదు గనుక సరిపోయింది. అయినా ఒక కూలీ ప్రాణం పోయింది. ఒకే మట్టి ఒక వైపు లేకపోవడం, మరో వైపు ఎక్కువవడం, రెండూ కలిసి చేసిన పని అది.

మధ్యలో తవ్వడం, అక్కడ సెల్లార్ అడుగున రాఫ్ట్ కాంక్రీటు వేయడం త్వరగానే అయిపోయాయి. దాని గురించి చెప్పుకోవడానికి పెద్దగా లేదు. అసలు పని ఇప్పుడు. గోడ పక్క వదిలిన వాలు మట్టిని తీయాలి. తీస్తూనే గోడ కింద 7 అడుగుల కాంక్రీటు కాళ్లు దించాలి. హద్దు వెంట పైల్స్ వేసే యంత్రం ఈ సందులోకి రాదు. అందుకే పెద్దాయన రాతపూర్వకంగా ఒప్పుకున్నాక ఈ దారి.

గోడ మీద రంగుతో 1 నుంచి 10 దాకా అంకెలు రాసి ఉన్నాయి చూడండి. ఒక్కో భాగం 4 అడుగులు. మొదట 1, 6. అవి పూర్తయి గట్టిపడ్డాక 3, 8. ఆ తర్వాత 5, 10. పిమ్మట 2, 7. చివర 4, 9. పక్కపక్క భాగాలు ఒకేసారి తెరవరు. ఏ రోజు చూసినా 40 అడుగుల గోడలో 8 అడుగులే గాలిలో ఉంటుంది. మిగతా 32 అడుగుల కింద పాత మట్టో కొత్త కాంక్రీటో ఉండి తీరుతుంది. ఇటుక గోడ అంత చిన్న సందును తనంతట తాను దాటగలదు. బరువు పైనుంచి వంపు తిరిగి రెండు పక్కలకూ వెళ్లిపోతుంది. సందు వెడల్పు పెరిగిందంటే ఆ వంపు తెగుతుంది.

మూడో నంబరు దగ్గరికి దిగుదాం. నిచ్చెన మీదుగానే. మట్టి వాలును అడ్డంగా కోసుకుంటూ గోడ దాకా వెళ్లిన సన్నటి దారి ఇది. రెండు పక్కలా చెక్కలు నిలబెట్టి, మధ్యలో జాకీలు బిగించారు. తవ్వేకొద్దీ చెక్కలు, చెక్కల తర్వాతే మళ్లీ పలుగు. చెక్క పడని చోట మనిషి దిగడు. పైన ఒకతను ఏ పనీ చేయకుండా కూర్చుని అంచులనే చూస్తున్నాడు. కొత్తగా వచ్చిన కాంట్రాక్టర్ మనిషి "వాడికెందుకు కూలీ దండగ" అన్నాడు. కింద ఉన్నవాళ్లకు అంచులు కనపడవు. మట్టి విరిగేముందు పైన వెంట్రుక పాటి బీట పడుతుంది, అది పైవాడికే కనిపిస్తుంది. ఛాతీ దాకా మట్టి పడితే చాలు, ఊపిరి వదిలిన ప్రతిసారీ మట్టి ఇంకాస్త బిగుసుకుని మళ్లీ పీల్చనివ్వదు. ఆ కూలీ దండగ కాదు.

ఇప్పుడు మీ తలకు జానెడు పైన పక్కింటి పునాది రాళ్లు. కింది నుంచి చూస్తున్నారు. నలభై ఏళ్లుగా వెలుతురు తగలని రాళ్లు, చెమ్మగా, మట్టి వాసనతో. ఒకతను తీగల బ్రష్‌తో వాటి అడుగు రుద్దుతున్నాడు. వదులు మట్టి ఇసుమంత మిగిలినా రేపు గోడ అంత మేర దిగుతుంది. మధ్యాహ్నానికి అడుగు తేలింది, గట్టి మొరం, పలుగు మొన గీసుకుపోతోంది తప్ప దిగడం లేదు. పక్క భాగానికి రేపు కొక్కెం పట్టేలా ఇనుప రాడ్లు రెండు వైపులా పొడిచి ఉంచారు. సాయంత్రం నాలుగున్నరకు కాంక్రీటు. తెరిచిన భాగం ఆ రాత్రి ఖాళీగా ఉండకూడదు. వాన రావచ్చు, సందులో లారీ పోవచ్చు. కాంక్రీటు పునాది రాయిదాకా పోయలేదు, మూడంగుళాల కింద ఆపేశారు. పచ్చి కాంక్రీటు ఆరేకొద్దీ కాస్త కుంగుతుంది. ఇప్పుడే ఆనిస్తే రేపు మధ్యలో సందు పడుతుంది, ఆ సందులోకి గోడ దిగుతుంది.

ఆ మూడంగుళాల పని మరునాడు. చూసి తీరాల్సిన పని. ఒక వంతు సిమెంటు, మూడు వంతుల ఇసుక, నీళ్లు మాత్రం చిలకరించినంతే. మేస్త్రీ పిడికెడు తీసి నొక్కి విప్పాడు. "పట్టి సూడుండ్రి. ముద్ద నిలవాలె, చేతికి నీళ్లంటొద్దు." మీరూ పట్టి చూడండి, ముద్ద మీద మీ వేళ్ల గుర్తులు పడ్డాయి, అరచేయి పొడిగానే ఉంది. దాన్ని సందులోకి తోసి, కర్ర కొస ఆనించి, సమ్మెటతో కొడుతున్నాడు. మొదట దబ్ దబ్‌మని మెత్తటి చప్పుడు. ఇంకో పిడికెడు, ఇంకో దెబ్బ. నెమ్మదిగా చప్పుడు మారుతోంది. చివరికి టంగ్‌మని మోగి సమ్మెట చేతిలో వెనక్కి తుళ్లింది. అప్పుడు గోడ కొత్త కాలి మీద నిజంగా నిలబడినట్టు. 4 అడుగుల మేర ఇలా కొట్టడానికి ఒక పూట పట్టింది. తొందరపెట్టి పలచటి మాలు పూసి సరిపెట్టిన చోట్ల గోడలు ఏడాది తిరక్కుండా బీటలివ్వడం నేను చూశాను.

నాలుగో జత రోజున ఏడో నంబరులో మట్టి రంగు మారింది. ఎర్ర మొరం మధ్య చేటంత నల్లటి మచ్చ. మేస్త్రీ పలుగు ఆపి, చిటికెడు తీసి నలిపి వాసన చూశాడు. "వాన నీళ్లు గాదు మేడమ్. ఇంట్ల నీళ్లు." అప్పటికి అయిదడుగులు దిగారు. ఇంజనీర్ ఏమీ అడగలేదు, "నింపేయండి" అంది. గట్టు మీద పేర్చి ఉంచిన ఇసుక బస్తాలు ఇందుకే. గోడ కింద అనుమానం వస్తే చేయాల్సిన మొదటి పని, తీసిన చోటును తీసినంతా మళ్లీ బిగించడం. కారణం వెతకడం ఆ తర్వాత. కింది రెండు వరసలు బిగించి, పైన చూడ్డానికి కాస్త సందు వదిలారు. పెద్దాయన ఇంటి బాత్రూములో బకెట్ నీళ్లలో నీలిమందు కలిపి పోయించారు. అందరూ సందులోకే చూస్తున్నారు. పావుగంట గడిచింది. రాళ్ల మధ్య నుంచి ఒక చుక్క జారింది. నీలం. గోడ లోపలి డ్రైనేజీ పైపు అతుకు ఎన్నేళ్ల నుంచి కారుతోందో, అక్కడి మట్టి పిండిలా నానిపోయింది. ఆగకుండా తవ్వుకుంటూ పోయి ఉంటే ఆ నాలుగడుగులు వాటంతటవే జారేవి.

పంపు పెట్టి నీళ్లు లాగేద్దామన్నాడు కాంట్రాక్టర్ మనిషి. ఆమె వద్దంది. పంపు లాగే నీళ్లు తేటగా ఉంటే ఫరవాలేదు, మురికిగా వస్తున్నాయంటే ఆ మురికి గోడ కింది మట్టే. ఇంగ్లండులో వించెస్టర్ కెథీడ్రల్ గోడలు కుంగుతుంటే ఇదే చిక్కు వచ్చింది. పునాది కింద నీళ్లు నిండిన బురద నేల, నీళ్లు తోడితే మట్టి కదిలి గోడలే దిగుతాయి. అందుకని ఫ్రాన్సిస్ ఫాక్స్ అనే ఇంజనీర్ నీళ్లు తోడించడం మాని మనిషినే నీళ్లలోకి దించాడు. విలియం వాకర్ అనే డైవర్ 1906 నుంచి 1911 దాకా, కళ్ల ముందు చేయి పెట్టుకున్నా కనపడని ఆ మురికినీటి అడుగున, తడుముకుంటూ గోడల కింద కాంక్రీటు బస్తాలు పేర్చాడు. బస్తాలు గట్టిపడి అడుగు మూసుకున్నాకే నీళ్లు తోడారు. ఆ కట్టడం ఇవాళ్టికీ నిలిచే ఉంది. ఇక్కడ అంత పని పడలేదు. ప్లంబర్ వచ్చి పైపు మార్చాడు. మట్టి ఆరడానికి రెండు రోజులు ఆగారు. మళ్లీ బస్తాలు తీసి, నానిన మట్టంతా చెక్కేసి, గట్టి నేల తగిలేదాకా అడుగు లోతు ఎక్కువ దిగి కాంక్రీటు నింపారు. మేకుల అంకెల్లో ఏడో నంబరు దగ్గర ఒక మిల్లీమీటరు తేడా వచ్చి అక్కడే ఆగింది. ఆరు గాజు పలకలూ నిలిచే ఉన్నాయి. పెద్దావిడ రోజూ పొద్దున వాటిని చూసి, తర్వాతే పాలగిన్నె పొయ్యి మీద పెడుతోందట.

చివరి జత కూడా అయ్యాక వాలు మట్టి పూర్తిగా తీశారు. ఒక మూల నేల అడుగున బండ తగిలింది. గోడ పక్కన బ్రేకర్ పెట్టనివ్వలేదు, ఆ అదురు రాతి పునాదికి పడదు. వరసగా బెజ్జాలు వేసి, నీళ్లతో కలిపితే ఉబ్బే రసాయన పొడి నింపి వదిలేస్తే మరునాటికి బండ తనంతట తాను చీలింది. ఇప్పుడు 40 అడుగుల పొడవునా పక్కింటి గోడ కింద కొత్త కాంక్రీటు గోడ బయటపడి ఉంది. దాని వెనక పక్కింటి మట్టి దాన్ని లోపలికి నెడుతూనే ఉంటుంది, రాత్రీ పగలూ. అందుకని రాఫ్ట్ నుంచి గోడకు ఏటవాలుగా ఇనుప ఛానెళ్లు దన్ను పెట్టారు. సెల్లార్ నడవాలంటే వాటి కింద వంగే నడవాలి. తల జాగ్రత్త.

కాంట్రాక్టర్ మనిషి మీతో పాటే వంగి వచ్చాడు. "మేడమ్, ఛానెళ్లకు రోజువారీ అద్దె. గోడ గట్టిగానే ఉంది కదా. సగం విప్పి పంపించేస్తా, స్లాబ్ సెంట్రింగ్‌కు కూడా అడ్డొస్తున్నాయి."

"మన రిటైనింగ్ గోడ లేవాలి, సెల్లార్ పైస్లాబ్ పడాలి. ఆ స్లాబ్ ఈ గోడనూ ఆ గోడనూ పట్టుకున్నాకే ఇవి వదలాలి."

"అంటే స్లాబ్ పడ్డ రోజే విప్పొచ్చా?"

"పడ్డ రోజు కాదు. కాంక్రీటు గట్టిపడిందని క్యూబ్ టెస్ట్ రిపోర్ట్ నా చేతికి వచ్చిన రోజు. సెంట్రింగ్‌ను వీటి మధ్యలోంచి కట్టించండి, ఎక్కడ రంధ్రం వదలాలో నేను గీసిస్తా."

అతను అద్దె లెక్క మళ్లీ చెప్పబోయాడు. ఆమె వినకుండా మేస్త్రీని పిలిచి ఎర్ర రంగు డబ్బా తెప్పించింది. ప్రతి ఛానెల్ మీదా 'రిపోర్ట్ వచ్చేదాకా విప్పరాదు' అని రాయించి, కింద తేదీ వేయించి, ఫోటోలు తీసి పెద్దాయన కూడా ఉన్న సైటు వాట్సాప్ గ్రూపులోనే పెట్టింది.